దుబాయా, సింగపూరా? పిల్లల స్కూలు లెక్క

మన క్యాంపస్‌లో ఎవర్ని అడిగినా చెప్తారు, బంధువుల్లో అన్నయ్యో, బాబాయో, పిన్ని వాళ్ళో ఎవరో ఒకరు బయటి దేశంలో ఉన్నారని. వాళ్ళకి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు మొదటి ప్రశ్న జీతం ఎంత అని. రెండో ప్రశ్న మాత్రం వదిన అడుగుతుంది: "మరి పిల్లల స్కూలు?" మొదటి ప్రశ్నకి జవాబు లెటర్‌లోనే ఉంటుంది. రెండో దానికి ఎక్కడా ఒక్కచోట దొరకదు.

అమెరికా వెళ్ళేవాళ్ళకి ఈ తలనొప్పి తక్కువ. ఇల్లు ఏ ఏరియాలో తీసుకుంటే ఆ ఏరియా పబ్లిక్ స్కూలు వస్తుంది. దుబాయ్, సింగపూర్ అలా కాదు. రెండూ మనకి దగ్గర, నాలుగైదు గంటల ఫ్లైట్. రెండింట్లో ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది. రెండింట్లో మన వాళ్ళు బోలెడంత మంది. అందుకే ఆఫర్లు రెండు చోట్ల నుంచీ వస్తే చాలామంది జీతం, టాక్స్, ఇంటి అద్దె పోల్చి ఊరుకుంటారు. పిల్లల చదువు విషయంలో మాత్రం ఈ రెండు ఊళ్ళూ దాదాపు వ్యతిరేక దిక్కుల్లో నడుస్తాయి. అది ఎలాగో, అందులో మన తెలుగు కుటుంబాలకి ప్రత్యేకంగా తగిలే ముడి ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

దుబాయ్: మొత్తం ప్రైవేటే

దుబాయ్ జనాభాలో పదిమందిలో తొమ్మిదిమంది బయటి దేశాల వాళ్ళే. అక్కడి ప్రభుత్వ స్కూళ్ళు ముఖ్యంగా ఆ దేశ పౌరుల కోసం, అరబిక్ మీడియంలో నడుస్తాయి. కాబట్టి ఉద్యోగానికి వచ్చిన వాళ్ళ పిల్లలకి ప్రైవేటు స్కూలే దారి. అలా అక్కడ 220కి పైగా ప్రైవేటు స్కూళ్ళు పుట్టుకొచ్చాయి. బ్రిటిష్ సిలబస్ చదివే పిల్లలు అందరికంటే ఎక్కువ, రెండో స్థానం మన ఇండియన్ సిలబస్‌ది. తర్వాత అమెరికన్, ఐబీ, ఫ్రెంచ్ ఇలా లిస్టు పొడుగ్గా ఉంటుంది. 1961లో మొదలైన ఇండియన్ హైస్కూల్ లాంటి సంస్థలు అరబ్ ఎమిరేట్స్ దేశం ఏర్పడక ముందు నుంచే ఉన్నాయి. ఆ దేశం ఏర్పడింది 1971లో.

ఇన్ని ప్రైవేటు స్కూళ్ళంటే మనకి వెంటనే అమీర్‌పేట ఫ్లెక్సీలు గుర్తొస్తాయి. దుబాయ్‌లో తేడా ఏంటంటే, వీటన్నిటి మీదా కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. 2008 ప్రాంతం నుంచి ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్లని పంపించి ప్రతి స్కూలుకీ గ్రేడ్ ఇస్తూ వచ్చింది. అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, యాక్సెప్టబుల్, వీక్, వెరీ వీక్. మొత్తం ఆరు మెట్లు. రిపోర్టు మొత్తం పబ్లిక్. లెక్కల టీచింగ్ ఎలా ఉంది, చదువులో వెనకబడ్డ పిల్లల్ని ఎలా చూస్తున్నారు అన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఒక చిన్న జాగ్రత్త: 2024–25లో పాత స్కూళ్ళకి పూర్తిస్థాయి తనిఖీలు ఆపారు. కాబట్టి గ్రేడ్ చూసినప్పుడు పక్కనే ఉన్న సంవత్సరం కూడా చూడాలి. ప్రిన్సిపల్ మారితే స్కూలు మారిపోతుంది, గ్రేడ్ బోర్డు మాత్రం గేటు మీద అలాగే ఉంటుంది.

ఫీజు పెంపు మీద కూడా పట్టు ఉంది. ప్రతి ఏడాదీ కేహెచ్‌డీఏ ఖర్చుల సూచీ ఒకటి లెక్కగట్టి, ఇంతకు మించి పెంచకూడదు అని చెప్తుంది. 2024–25కి అది 2.6 శాతం, 2025–26కి 2.35 శాతం. ఫీజు విషయంలో మన దగ్గర ఏటా మే నెలలో జరిగే గొడవలు తెలిసిన వాళ్ళకి ఈ సంఖ్యలు కొంచెం అసూయ పుట్టిస్తాయి.

ఫీజు రేంజ్ చాలా పెద్దది. ఇండియన్ సిలబస్ స్కూళ్ళలో ఏడాదికి పదివేల దిర్హాముల లోపు నుంచి మొదలవుతుంది. ఖరీదైన బ్రిటిష్, ఐబీ స్కూళ్ళలో పెద్ద క్లాసులకి లక్ష దిర్హాములు కూడా దాటుతుంది. 2025లో దిర్హామ్ అంటే మన డబ్బుల్లో సుమారు 23, 24 రూపాయలు. అంటే ఒకే ఊళ్ళో, ఒకే వయసు పిల్లలకి, హైదరాబాద్‌లో ఒక మామూలు కార్పొరేట్ స్కూలు ఫీజుతో చదివించే వీలూ ఉంది, పాతిక లక్షలు పోసే వీలూ ఉంది. ఎవరి జేబుని బట్టి వాళ్ళు ఎంచుకోవడమే. పేరున్న ఇండియన్ స్కూళ్ళలో మాత్రం సీటు కోసం వెయిటింగ్ లిస్టు మామూలే.

సింగపూర్: రెండు గేట్లు

సింగపూర్‌లో కథ పూర్తిగా రివర్స్. అక్కడ అందరూ మెచ్చుకునేది ప్రభుత్వ స్కూళ్ళని. పిసా అని పదిహేనేళ్ళ పిల్లలకి దేశదేశాల్లో పెట్టే పరీక్ష ఉంది కదా, 2022లో లెక్కలు, సైన్సు, రీడింగ్ మూడింట్లోనూ సింగపూర్ మొదటి స్థానం. లెక్కల్లో స్కోరు 575. 1965లో విడి దేశం అయ్యాక చైనీయులు, మలయ్ వాళ్ళు, భారతీయులు అందర్నీ ఒక్క జాతిగా కలపడానికి వాళ్ళు నమ్ముకున్న పనిముట్టు స్కూలే. అందుకే ప్రైమరీ స్కూలు పౌరులకి దాదాపు ఫ్రీ, నెలకి పదమూడు డాలర్లు మించని ఇతర ఫీజు తప్ప. అందుకే అక్కడి పౌరుల పిల్లలు ప్రభుత్వ అనుమతి లేకుండా ఇంటర్నేషనల్ స్కూళ్ళలో చేరడానికి కూడా వీల్లేదు.

మరి ఉద్యోగానికి వచ్చిన వాళ్ళ పిల్లలు? వాళ్ళకి రెండు గేట్లున్నాయి.

మొదటి గేటు ప్రభుత్వ స్కూలు. పిల్లలకి ఏడేళ్ళు వచ్చే సంవత్సరం జనవరిలో ప్రైమరీ 1 మొదలవుతుంది. అంతకు ముందు ఏడాది మధ్యలో రిజిస్ట్రేషన్ దశలవారీగా జరుగుతుంది. అన్నదమ్ములు అదే స్కూల్లో ఉన్నవాళ్ళు, తల్లిదండ్రులు పాత విద్యార్థులైన వాళ్ళు, ఇంటికి దగ్గర వాళ్ళు, ఇలా పౌరులు, పర్మనెంట్ రెసిడెంట్లు అందరూ అయిపోయాక చిట్టచివరి మూడో దశ మన వంతు. పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతి లాంటిది. అన్నం ఉంటుంది, కూర ఉంటుందో లేదో చెప్పలేం. సీటు గ్యారంటీ లేదు, ఇంటి పక్క స్కూల్లోనే వస్తుందన్న గ్యారంటీ అసలే లేదు. పెద్ద క్లాసులో చేరాలంటే ఏఈఐఎస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంగ్లిష్, లెక్కలు. పాసైనా ఖాళీ ఉంటేనే సీటు. ఫీజు కూడా పౌరులకి ఉన్నట్టు ఉండదు. మన లాంటి ఆసియాన్ బయటి దేశాల పిల్లలకి ప్రైమరీలో నెలకి 800 సింగపూర్ డాలర్ల పైమాటే, పైగా అది ఏటా పెరుగుతోంది. 2025లో సింగపూర్ డాలర్ చాలావరకు మన అరవై అయిదు, డెబ్భై రూపాయల మధ్య ఉంది.

రెండో గేటు ఇంటర్నేషనల్ స్కూలు. 1925 నాటి టాంగ్లిన్ ట్రస్ట్, 1956 నాటి సింగపూర్ అమెరికన్ స్కూల్, 1971లో మొదలైన యునైటెడ్ వరల్డ్ కాలేజ్ లాంటివి ఆసియాలోనే పేరున్నవి. క్యాంపస్‌లు చూస్తే మన కాలేజీ మీద మనకే జాలి వేస్తుంది. ఫీజు ఏడాదికి ఇరవై వేల నుంచి యాభై వేల సింగపూర్ డాలర్ల దాకా. కంపెనీ వాళ్ళు చదువు ఖర్చు ఇచ్చే రోజుల్లో ఇది సమస్య కాలేదు. ఇప్పుడు లోకల్ ప్యాకేజీ మీద వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇద్దరు పిల్లలుంటే జీతంలో పెద్ద ముక్క ఇక్కడే పోతుంది. సీబీఎస్‌ఈ చెప్పే ఇండియన్ స్కూళ్ళు కూడా ఉన్నాయి, 2002లో మొదలైన గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ అందులో ఒకటి. పాశ్చాత్య స్కూళ్ళ కంటే ఫీజు తక్కువ. అదే సీబీఎస్‌ఈకి దుబాయ్‌లో కట్టేదానితో పోలిస్తే మాత్రం బాగా ఎక్కువ. దుబాయ్‌లో లాగా ప్రభుత్వం గ్రేడులిచ్చి రిపోర్టు బయటపెట్టే పద్ధతి ఈ స్కూళ్ళకి లేదు. తల్లిదండ్రులు స్వయంగా వెళ్ళి చూసుకుని, ఐబీ రిజల్టులు అడిగి తెలుసుకోవాల్సిందే.

క్లుప్తంగా చెప్పాలంటే, దుబాయ్ ఒక సంత, సరుకు మీద ధర, గ్రేడ్ రెండూ రాసి ఉంటాయి. సింగపూర్‌లో ఒక మంచి ఇల్లుంది, లోపలికి పిలుస్తారో లేదో తెలీదు. పక్కనే ఖరీదైన హోటల్ ఉంది.

అసలు కుటుంబాన్ని తీసుకెళ్ళేది ఎవరు?

ఈ పోలికలన్నిటికీ ముందు ఒక ఫిల్టర్ ఉంది. దాన్ని చెప్పకుండా స్కూళ్ళ గురించి మాట్లాడటం అన్యాయం.

దుబాయ్‌లో భార్యాపిల్లల్ని స్పాన్సర్ చేయాలంటే నెల జీతం కనీసం 4,000 దిర్హాములు ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి. సింగపూర్‌లో పిల్లలకి డిపెండెంట్ పాస్ రావాలంటే కనీసం 6,000 సింగపూర్ డాలర్లు. రూపాయల్లోకి మారిస్తే మొదటిది దాదాపు లక్ష, రెండోది నాలుగు లక్షల చుట్టుపక్కల. కాబట్టి సింగపూర్ వెళ్ళే తెలుగు కుటుంబం దాదాపు ఎప్పుడూ మంచి జీతం ఉన్న కుటుంబమే. దుబాయ్‌లో అకౌంటెంట్, సేల్స్ ఉద్యోగి, టెక్నీషియన్ కూడా కుటుంబంతో ఉండగలరు, పిల్లల్ని సీబీఎస్‌ఈ స్కూలుకి పంపగలరు. మధ్య తరగతికి ఆ ఊరు ఇచ్చే పెద్ద వరం ఇదే.

ఆ 4,000 గీతకి కింద ఉన్నవాళ్ళు కూడా మనవాళ్ళే. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి కన్‌స్ట్రక్షన్ పనులకి వెళ్ళిన వాళ్ళలో చాలామందికి దుబాయ్ అంటే లేబర్ క్యాంపు. వాళ్ళ పిల్లలు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉండి, ఊరి స్కూల్లోనే చదువుతారు. ఒకే విమానంలో దిగిన ఇద్దరు తండ్రుల్లో ఒకరికి ఏ స్కూలు అనేది ప్రశ్న, ఇంకొకరికి రెండేళ్ళకి ఒకసారి సెలవు దొరుకుతుందా అనేది ప్రశ్న. "దుబాయ్‌లో పిల్లల చదువు" అని మనం రాస్తున్నప్పుడు ఆ రెండో తండ్రి ఈ వ్యాసంలోకే రాడు. అది గుర్తుంచుకుని ముందుకి వెళ్దాం.

ఎన్నాళ్ళు ఉంటాం?

దుబాయ్‌లో ఉద్యోగం వీసా మామూలుగా రెండేళ్ళకి ఒకసారి రెన్యువల్. పదేళ్ళ గోల్డెన్ వీసా కొంతమందికి వస్తుంది. కానీ ఎన్నేళ్ళున్నా మామూలు దారిలో పౌరసత్వం రాదు. పెళ్ళికాని కొడుకుని 25 ఏళ్ళ దాకా స్పాన్సర్ చేయొచ్చు. 2022కి ముందు ఇది 18 మాత్రమే. అంటే పిల్లలు ఎప్పటికైనా ఆ ఊరు వదిలి ఇంకెక్కడికో వెళ్ళాలి లేదా సొంతంగా ఉద్యోగం తెచ్చుకుని ఉండాలి. అక్కడ పుట్టి, అక్కడే పన్నెండో తరగతి దాకా చదివినా సరే.

సింగపూర్‌లో నిలదొక్కుకోవడానికి దారి ఉంది, పర్మనెంట్ రెసిడెన్సీ. అది వస్తే ప్రభుత్వ స్కూల్లో క్యూలో ముందుకి వస్తాం, ఫీజు బాగా తగ్గుతుంది. అయితే దానికి ఒక షరతు ఉంది. తల్లిదండ్రుల ద్వారా పీఆర్ తీసుకున్న మగపిల్లలు నేషనల్ సర్వీస్ చేయాలి. పదహారున్నర ఏళ్ళకి రిజిస్ట్రేషన్, పద్దెనిమిది దాటాక రెండేళ్ళు ఫుల్‌టైమ్. అందుకే కొన్ని ఇళ్ళలో నాన్న పీఆర్ తీసుకుని, అబ్బాయికి మాత్రం తీసుకోకుండా ఉంటారు. ఇంకొన్ని ఇళ్ళలో "చేస్తే తప్పేముంది, మనం ఉంటున్న దేశమే కదా" అంటారు. రెండూ ఆలోచించి తీసుకున్న నిర్ణయాలే. సమస్యల్లా, అయిదేళ్ళ పిల్లాడి స్కూలు ఫారం నింపేటప్పుడు వాడి పద్దెనిమిదో ఏడు గురించి ఎవరూ మాట్లాడకపోవడమే.

వెనక్కి వచ్చే దారి: రెంటికీ చెడ్డ రేవడి కాకుండా

ఇప్పుడు మన ముడి దగ్గరికి వచ్చాం. చాలామంది తల్లిదండ్రులు "ఇంజినీరింగ్ టైమ్‌కి ఇండియా వచ్చేస్తాంలే" అంటారు. అలా వచ్చే దారికి ఎంట్రీ కండిషన్లు ఉన్నాయి. కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇది ఇఫ్–ఎల్స్ వ్యవహారం, పైగా కండిషన్ చెక్ చేసేది పన్నెండో తరగతిలో కాదు, ఎనిమిదిలోనే.

మొదటి దారి రాష్ట్ర కోటా. తెలంగాణ అయినా ఆంధ్ర అయినా ఈఏపీసెట్‌లో కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకి. లోకల్ అంటే మన ఆధార్ కార్డు మీద ఊరి పేరు కాదు. మామూలుగా అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. ఎనిమిది అయ్యేసరికి తిరిగొస్తే లోకల్. తర్వాత వస్తే, గుంటూరులో పుట్టినా వరంగల్‌లో పుట్టినా, నాన్‌లోకల్.

రెండో దారి దాసా. విదేశాల్లో చదివిన పిల్లలకి ఎన్‌ఐటీలు, కొన్ని ట్రిపుల్ ఐటీలలో అదనంగా ఇచ్చే సీట్లు ఇవి. ఐఐటీలకి ఇది వర్తించదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు దీనికి అర్హులు కావాలంటే పదకొండు, పన్నెండు తరగతులు బయటి దేశంలో చదివి, అక్కడే పాసవ్వాలి. జేఈఈ మెయిన్ ర్యాంకు కూడా ఉండాలి.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎనిమిది లోపు వస్తే మొదటి దారి. పన్నెండు అక్కడే పూర్తిచేస్తే రెండో దారి. తొమ్మిదిలోనో పది అయ్యాకో వస్తే? నాలుగేళ్ళు నిండవు కాబట్టి లోకల్ కాదు. పన్నెండు అక్కడ కాదు కాబట్టి దాసా కాదు. రెంటికీ చెడ్డ రేవడి. జేఈఈ, నీట్ ఆల్ ఇండియా దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఆ మాట నిజమే. ఎన్‌ఐటీల్లో సొంత రాష్ట్రం కోటా పన్నెండు ఎక్కడ పాసయ్యామో దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది కూడా దక్కుతుంది. కానీ మన దగ్గర ఎక్కువ మంది చేరేది రాష్ట్ర కన్వీనర్ సీట్లలోనే కదా. విచిత్రం ఏంటంటే చాలా కుటుంబాలు తిరిగొచ్చేది సరిగ్గా పది అయిపోయాకే, ఇంటర్ కోచింగ్ కోసం!

ఇక్కడ దుబాయ్‌కి ఒక అదనపు మార్కు పడుతుంది. దాసాలోనే సీఐడబ్ల్యూజీ అని ఒక భాగం ఉంది, గల్ఫ్ దేశాల్లో పనిచేసే భారతీయుల పిల్లలకి. మామూలు దాసాలో ఎన్‌ఐటీ ట్యూషన్ ఫీజు సెమిస్టరుకి 4,000 అమెరికన్ డాలర్లు. గల్ఫ్ కోటాలో మాత్రం ఇక్కడి పిల్లలు కట్టే స్థాయి ఫీజే. సింగపూర్ గల్ఫ్ కాదు కాబట్టి అక్కడి పిల్లలకి ఈ వీలు లేదు. వరంగల్ ఎన్‌ఐటీలో ఒకే క్లాసులో, దుబాయ్ నుంచి వచ్చిన అమ్మాయి ఒక ఫీజు, సింగపూర్ నుంచి వచ్చిన అమ్మాయి ఇంకో ఫీజు కట్టే అవకాశం ఉందన్నమాట.

సింగపూర్ వైపు ఉన్న మార్కు వేరే. అక్కడే ఎన్‌యూఎస్, ఎన్‌టీయూ ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడికి వెళ్ళినా గుర్తించే యూనివర్సిటీలు. విదేశీ విద్యార్థి కూడా ట్యూషన్ గ్రాంట్ తీసుకుంటే ఫీజు తగ్గుతుంది, బదులుగా చదువు అయ్యాక మూడేళ్ళు సింగపూర్ సంబంధ కంపెనీలో పనిచేయాలి. దుబాయ్‌లో కూడా 2000 నుంచి బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది, అబుదాబీలో ఇప్పుడు ఐఐటీ ఢిల్లీ క్యాంపస్ వచ్చింది. కాబట్టి "అక్కడే ఉండిపోవడం" అనే మూడో దారి రెండు చోట్లా ఉంది.

ఈ రూల్స్ ఏటా నోటిఫికేషన్‌తో కొంచెం మారుతుంటాయి. ఆ సంవత్సరం బ్రోచర్ చదవకుండా వాట్సాప్ గ్రూపులో బావ చెప్పింది నమ్మొద్దు. నేను చెప్పింది కూడా అంతే.

మరి తెలుగు?

మనది తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఈ భాగం రాస్తున్నాననుకోకండి. ఇది కూడా స్కూలు లెక్కలో భాగమే.

సింగపూర్ ప్రభుత్వ స్కూళ్ళలో ఇంగ్లిష్‌తో పాటు మాతృభాష ఒక సబ్జెక్టు. చైనీస్, మలయ్, తమిళం అధికార భాషలు. భారతీయ పిల్లలకి తమిళం కాకుండా ఇంకో అయిదు భాషలకి వీలుంది: హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు ఆ లిస్టులో లేదు. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది, ఉగాదులు ఘనంగా జరుగుతాయి. కానీ స్కూల్లో మన పాప "మాతృభాష" పీరియడ్‌లో హిందీయో తమిళమో నేర్చుకుంటుంది. ప్రైమరీ చివర రాసే పీఎస్‌ఎల్‌ఈలో ఆ మార్కులు లెక్కలోకి వస్తాయి. ఇంట్లో అమ్మ మాట్లాడే భాష ఒకటి, మార్కుల కాగితం మీద మాతృభాష అని రాసి ఉన్న భాష ఇంకొకటి.

దుబాయ్‌లో అన్ని ప్రైవేటు స్కూళ్ళలో అరబిక్ తప్పనిసరి సబ్జెక్టు, అరబ్ కాని పిల్లలకి కూడా తొమ్మిదో తరగతి దాకా. సీబీఎస్‌ఈలో దాని మీద ఇంకో భాష ఉంటుంది. సీబీఎస్‌ఈ సబ్జెక్టుల లిస్టులో తెలుగు ఉంది, కోడ్ 007. తెలంగాణ తెలుగుకి వేరే కోడ్ కూడా ఉంది, 089. కానీ లిస్టులో ఉండటం వేరు, స్కూల్లో టీచరు ఉండటం వేరు. ఇంతమంది పిల్లలు అడుగుతున్నారు అని తేలితేనే ఏ స్కూలైనా టీచర్ని పెడుతుంది. మన వాళ్ళు ఎక్కువగా అడిగేది హిందీ, ఫ్రెంచ్. అడగని సబ్జెక్టు ఎక్కడా రాదు.

సెంటిమెంట్ పక్కన పెడదాం. హైదరాబాద్ తిరిగొచ్చిన పిల్లాడికి తెలుగు ఒక పరీక్ష పేపరు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి సబ్జెక్టు, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ స్కూళ్ళకి కూడా. తెలుగు రాని పిల్లల కోసం 'వెన్నెల' అనే తేలిక పాఠ్యపుస్తకాన్ని తీసుకొస్తున్నట్టు 2025లో ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఆరో తరగతిలో తిరిగొచ్చే పిల్లాడికి అరబిక్ అక్షరాలు వచ్చి, తెలుగు అక్షరాలు రాకపోతే, మొదటి యూనిట్ టెస్టులోనే ఇబ్బంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనలో చాలామందికి ఒత్తులు ఎంత ఏడిపించాయో తెలుసు. ఊళ్ళో ఉండి నేర్చుకున్న మనకే అలా ఉంటే, నాలుగో తరగతి దాకా ఒక్క తెలుగు బోర్డు కూడా చూడని పిల్లకి ఎలా ఉంటుంది?

దీనికి మందు పెద్ద ఖరీదైందేమీ కాదు. రెండు ఊళ్ళలోనూ తెలుగు సంఘాలున్నాయి. మనబడి లాంటి వారాంతపు క్లాసులు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. అలవాటు మాత్రం అయిదేళ్ళకే మొదలుపెట్టాలి. పదేళ్ళ పిల్లకి ఆదివారం పొద్దున్న అక్షరాలు దిద్దించడం ఎంత కష్టమో అమ్మలకి తెలుసు.

ఎవరికి ఏది?

మూడు కుటుంబాలు ఊహించుకుందాం.

మొదటి ఇంట్లో పాప రెండో తరగతి. ప్రాజెక్టు మూడేళ్ళు, తర్వాత ఇంటికే. వీళ్ళకి దుబాయ్ సీబీఎస్‌ఈ స్కూలు హాయి. సిలబస్ అదే, విద్యా సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్‌లో మొదలు. సింగపూర్ ఆఫర్ అయితే అక్కడి ఇండియన్ స్కూలు, ఫీజు లెక్క ముందే వేసుకుని జీతం మాట్లాడుకోవాలి. మూడేళ్ళ కోసం సింగపూర్ ప్రభుత్వ స్కూలు క్యూలో నిలబడటం అనవసరం.

రెండో ఇంట్లో బాబు ఏడో తరగతి. వీళ్ళకి ఊరికంటే క్యాలెండర్ ముఖ్యం. ఏడాదిలో తిరిగి రావాలి, లేదా పన్నెండు అక్కడే పూర్తయ్యేదాకా ఉండాలి. ఉద్యోగం అయిదేళ్ళు నిలుస్తుందన్న నమ్మకం ఉంటే దుబాయ్‌లో గల్ఫ్ కోటా లాభం. నమ్మకం లేకపోతే నాన్న ఒక్కడే వెళ్ళడం గురించి కూడా మాట్లాడుకోవాలి. వినడానికి బాధగా ఉంటుంది గానీ చాలా ఇళ్ళలో జరుగుతున్నదే.

మూడో ఇంట్లో పాపకి నాలుగేళ్ళు, అమ్మానాన్నలకి తిరిగొచ్చే ఉద్దేశం లేదు. వీళ్ళకి సింగపూర్ బాగుంటుంది. పీఆర్ వస్తే ప్రభుత్వ స్కూలు, తక్కువ ఫీజు, దగ్గర్లోనే మంచి యూనివర్సిటీ. పీఆర్ రాకపోతే ఏం చేస్తారన్నది మాత్రం మొదటి ఏడాదే రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే డిపెండెంట్ పాస్ 21 ఏళ్ళకి ఆగిపోతుంది.

ముగ్గురికీ జవాబు మారింది, కానీ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పిల్ల పన్నెండో తరగతి పరీక్ష ఏ ఊళ్ళో రాస్తుంది? బ్రిటిష్ సిలబస్ మంచిదా ఐబీ మంచిదా, స్విమ్మింగ్ పూల్ ఉందా, బస్సు ఇంటి ముందుకి వస్తుందా, ఇవన్నీ ఆ జవాబు తర్వాత వచ్చే ప్రశ్నలు. మీ ఇంట్లో ఎవరికైనా ఆఫర్ లెటర్ వచ్చి ఉంటే, అన్నయ్యనీ వదిననీ కూర్చోబెట్టి ఒక కాగితం మీద పిల్లల పేర్లు, పక్కన వాళ్ళు పన్నెండు పూర్తిచేసే సంవత్సరం, దాని పక్కన ఊరి పేరు రాయించండి. మూడో గడి ఖాళీగా ఉంటే ఇంకో వారం ఆగి ఫ్లైట్ టికెట్ బుక్ చేసుకోమని చెప్పండి.